పాలు తాగాక గాలి పట్టి, పొద్దుగూకితే గుక్కపట్టి ఏడుస్తున్న 26 రోజుల పాప

ప్రశ్న: తణుకు ఆడపడుచు

పెద్దలకు, తోటి తల్లులకు నమస్కారం. మా పాపకు నేటితో 26 రోజులు నిండాయి. ఇది నాకు తొలి కాన్పు. నెలలు నిండాకే సాధారణ ప్రసవం జరిగింది. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములున్న పాప, 21వ రోజున ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి తూచినప్పుడు 3 కిలోల 400 గ్రాములు తూగింది. నా పాలు తప్ప ఇంతవరకు పోతపాలు గాని, నీళ్ళు గాని ఇవ్వలేదు. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను, మావారు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్నారు.

పగలంతా బాగానే ఉండే పాప, సాయంత్రం ఆరు దాటేసరికి ముఖం ఎర్రగా కందిపోయి, పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఏడవడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి రాత్రి పది దాకా అదే ఏడుపు. కడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా ఉబ్బినట్టు తగులుతుంది, కాస్త గాలి వదిలాక కొద్దిసేపు శాంతిస్తుంది, మళ్ళీ మెలికలు తిరుగుతుంది. పాలు తాగేటప్పుడు నోటి దగ్గర టక్కు టక్కుమని చప్పుడు వస్తుంది. పాలు చేపిన మొదటి నిమిషంలో పొలమారి, రొమ్ము వదిలేసి దగ్గుతుంది. తాగాక పెదవుల పక్కనుంచి కొద్దిగా పాలు కక్కడం కూడా ఉంది. భుజాన వేసుకుని పావుగంట తట్టినా ఒక్కోసారి త్రేన్పు రాదు.

మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాద్దామంటోంది. గ్రైప్ వాటర్ సీసా కూడా తెప్పించి పెట్టింది. "నిన్నూ మీ తమ్ముణ్ణీ ఇవే పోసి పెంచాను" అంటే నాకు ఎదురు చెప్పడానికి నోరు రావడం లేదు, అలాగని పోయడానికి చెయ్యీ రావడం లేదు. నేను పప్పు తినడం వల్లే పాపకు గాలి పట్టిందని వారం రోజులుగా నాకు వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నంతోనే పథ్యం నడుస్తోంది. ఇందులో ఏది పాపకు మేలు, ఏది కీడు, ఏ స్థితిలో ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: విశ్రాంత నర్సు, శ్రీకాకుళం

అమ్మా, ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులోను, ఆ తర్వాత నవజాత శిశువుల విభాగంలోను చాలా ఏళ్ళు పనిచేసినదాన్ని. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ఊరటనిచ్చింది పాప బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గి, రెండు వారాలకు మళ్ళీ పుట్టినప్పటి బరువుకు చేరి, ఆపైన రోజుకు 25 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. మీ పాప అంతకు తక్కువ కాకుండా పెరుగుతోంది కాబట్టి పాలు చాలుతున్నాయి. రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డలు బాగా తడుపుతోందో లేదో కూడా చూసుకోండి. ఆ రెండూ సవ్యంగా ఉంటే ఈ ఏడుపు ఆకలి ఏడుపు కాదని చాలావరకు నమ్మవచ్చు.

ఇక గాలి సంగతి. పసిబిడ్డ కడుపులోని గాలిలో ఎక్కువ భాగం నోటి ద్వారానే లోపలికి పోతుంది, కొంత పేగుల్లో పాలు జీర్ణమయ్యేటప్పుడు పుడుతుంది. మీరు చెప్పిన టక్కు టక్కు చప్పుడే అసలు ఆనవాలు. బిడ్డ నోరు రొమ్ముకు సరిగ్గా పట్టి ఉంటే ఆ చప్పుడు రాదు, గుటక వేసే మెత్తని శబ్దం మాత్రమే వినిపిస్తుంది. పట్టు తప్పి నాలుక జారిన ప్రతిసారీ సందులోంచి గాలి దూరుతుంది, అప్పుడే ఆ టక్కుమనే చప్పుడు పుడుతుంది. అందువల్ల మందు వెతకడానికి ముందు పాలు పట్టే తీరును సరిచేసుకోవాలి. చనుమొన ఒక్కటే నోట్లో పెట్టకూడదు. పాప ముక్కు మీ చనుమొనకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, పై పెదవికి చనుమొన తగిలించి, ఆవులించినంత వెడల్పుగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు పాపను మీ వైపు దగ్గరగా లాక్కోవాలి. మీరు పాప మీదికి వంగకూడదు. పట్టు కుదిరినప్పుడు గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, కింది పెదవి బయటకు మడిచినట్టు ఉంటుంది, బుగ్గలు సొట్టలు పడకుండా నిండుగా కనిపిస్తాయి, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది, మీకు నొప్పి ఉండదు. పాప చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పుకుని గుటక వేయమంటే పెద్దవాళ్ళకే కష్టం.

రెండోది, పాలు చేపిన వేగానికి పొలమారడం. దీనికి తేలికైన ఉపాయం ఉంది. మీరు దిండ్లకు ఆనుకుని బాగా వెనక్కు వాలి, పాపను మీ గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని తాగనివ్వండి. పాలు పైకి ఎక్కాల్సి రావడంతో ఉరవడి తగ్గుతుంది, పాప తన వీలును బట్టి మింగుతుంది. మరీ ఉధృతంగా చేపితే మొదటి ధారను శుభ్రమైన గుడ్డలోకి పోనిచ్చి, ఆ తర్వాత మళ్ళీ పట్టించవచ్చు. ఒక వైపు మెత్తబడేదాకా తాగనిచ్చాకే రెండో వైపుకు మార్చండి. గడియారం చూసి పది నిమిషాలకు ఒకసారి మారిస్తే ముందు వచ్చే పలుచని పాలే ఎక్కువగా కడుపులో చేరి, కొందరు పిల్లలకు ఉబ్బరం హెచ్చుతుంది. ఏడుపు ముదిరాక పట్టబోతే ఆ ఏడుపుతోనే బోలెడు గాలి మింగేస్తుంది కాబట్టి, పెదవులు చప్పరించడం, చెయ్యి నోటికి తీసుకుపోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం కనిపించగానే ఒళ్ళోకి తీసుకోండి.

త్రేన్పు విషయంలో మీరు ఆందోళన పడాల్సిన పని లేదు. భుజానికి ఎత్తుకుని వీపు మీద అరచేతితో నెమ్మదిగా కిందినుంచి పైకి నిమరడం, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక చేత్తో గొంతు మీద ఒత్తిడి పడకుండా దవడను, ఛాతీని ఆనించి పట్టుకుని వీపు తట్టడం, మీ తొడల మీద బోర్లా పడుకోబెట్టి తల కాస్త ఎత్తుగా ఉంచి నిమరడం, ఈ మూడింటిలో ఏదైనా అయిదు నిమిషాలు చేసి చూడండి. వైపు మార్చేటప్పుడు ఒకసారి, చివర ఒకసారి చాలు. రాకపోతే వదిలేయండి. గాలి మింగని బిడ్డకు త్రేన్పు రాదు, అది లోపం కాదు. చండీగఢ్‌లోని పీజీఐ అనే వైద్య సంస్థవారు 71 మంది తల్లీబిడ్డలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు తల్లులకు మాత్రం త్రేన్పు తెప్పించే పద్ధతి నేర్పి మూడు నెలలు గమనించారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో, త్రేన్పు తెప్పించినందువల్ల ఈ గుక్కపట్టే ఏడుపు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పైగా పాలు కక్కడం ఆ జట్టులోనే ఎక్కువ కనిపించింది. అందుకని పావుగంట సేపు గట్టిగా తట్టి పాపనూ మీ చేతినీ నొప్పించుకోకండి. త్రేన్పు వస్తే హాయిగా ఉండే పిల్లలూ ఉన్నారు, కాబట్టి పూర్తిగా మానమని నేను అనను.

కడుపు నిమరడం మంచిదే, అయితే పాలు తాగిన అరగంట తర్వాతే చేయాలి. అరచేతులు రుద్దుకుని వెచ్చబరచుకుని, బొడ్డు చుట్టూ గడియారపు ముల్లు తిరిగే దిశలోనే నిమరండి. పెద్దపేగు పాప కుడివైపు కిందినుంచి పైకి ఎక్కి, పక్కటెముకల కింద అడ్డంగా సాగి, ఎడమవైపు కిందికి దిగుతుంది. లోపలి గాలి కదిలే దారీ అదే. ఆ తర్వాత రెండు కాళ్ళు పట్టుకుని సైకిలు తొక్కించినట్టు నెమ్మదిగా ఆడించి, మోకాళ్ళు కడుపుకు ఆనించి నాలుగైదు క్షణాలు ఉంచి వదలండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట కొద్దిసేపు బోర్లా పడుకోబెట్టండి. బోర్లా ఉంటే గాలి పోయి నిద్రపోతుందని అలాగే వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే.

గ్రైప్ వాటర్ గురించి అడిగారు. 1851లో ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వార్డ్ అనే మందుల వ్యాపారి దాన్ని తయారుచేసినప్పుడు అందులో సోయికూర గింజల నూనె, సోడా ఉప్పు, పంచదారతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది. ఏడ్చే బిడ్డ మత్తుగా పడుకోవడంలో ఆశ్చర్యమేముంది? ఇప్పుడు ఆల్కహాలు తీసేశారు. తీసేశాక మిగిలినవి గాలిని పోగొడతాయనడానికి గట్టి రుజువు లేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన ఆసుపత్రుల్లో మేమూ అదే చెబుతాం. గ్యాసుకని రాసే సిమెథికోన్ చుక్కలు కడుపులోని చిన్న బుడగలను కలిపి పెద్దవి చేస్తాయి, రక్తంలో కలవవు, కాబట్టి వాటివల్ల హాని తక్కువ. కాని ఈ ఏడుపు విషయంలో పరీక్షించి చూస్తే మందు లేని ఉత్త చుక్కల కంటే అవి మెరుగుగా పనిచేయలేదు. వైద్యులు రాస్తే వాడండి, మీ అంతట మీరు కొనకండి.

వసకొమ్ము మాత్రం వద్దు తల్లీ. మాటలు బాగా వస్తాయని, గాలి పోతుందని మన ఇళ్ళలో తరతరాలుగా నాకిస్తున్న మాట నిజమే. కాని ఆ వేరులో బీటా ఆసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది, అరగదీసినప్పుడు ఎంత లోపలికి పోయిందో ఎవరూ కొలవలేరు, సాన శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. తేనె కూడా ఏడాది నిండేదాకా నాలుకకు తగలకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు దానివల్ల రావచ్చు. ఆముదం పట్టడం, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయడం కూడా మానాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నెమ్ము చేస్తుంది.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలో జాగ్రత్తగా చదవండి, ఇంట్లో అందరికీ వినిపించండి. ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఒళ్ళు చల్లబడినా, పసరు వాంతి అయినా, పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకుంటున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, కడుపు రాయిలా బిగిసి గాలి గాని విరేచనం గాని పోకపోయినా, పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఏడుపు సన్నగా కీచుగా మారినా, గజ్జల్లో ఉబ్బు కనిపించినా అది గాలి కాదు. తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేసి పిల్లల వైద్యులున్న ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకొక్కటి, ఎందుకేడుస్తుందో తెలియని బిడ్డ బట్టలన్నీ విప్పి వేళ్ళు చూడండి. బాలింతలకు జుట్టు ఊడుతుంది, ఆ వెంట్రుక కాలి వేలికి చుట్టుకుని వేలు నల్లబడిన పసివాణ్ణి నా చేతులతో చూశాను. ఆ ఏడుపును కూడా ఇంట్లోవాళ్ళు రెండు రోజులు గాలి అనే అనుకున్నారు.

సమాధానం: ఖమ్మం అమ్మమ్మ

బిడ్డా, నేను ముగ్గురిని కని, అయిదుగురు మనవలను ఒళ్ళో వేసుకుని పెంచినదాన్ని. మీ అమ్మగారి మనసు నాకు బాగా అర్థమవుతుంది. చేతులారా పెంచిన పద్ధతిని కూతురు కాదంటే తన పెంపకాన్నే కాదన్నట్టు తోస్తుంది. నా పెద్ద కూతురు పురిటికి వచ్చినప్పుడు నేనూ ఇలాగే పట్టుపట్టాను. బాబు కడుపు ఉబ్బిందని తమలపాకుకు ఆముదం రాసి, దీపం సెగకు చూపించి కడుపు మీద వేశాను. నా చేతికి వెచ్చగానే తగిలిన ఆకు ఆ లేతచర్మానికి ఎక్కువైంది, బొడ్డు పక్కన పొక్కు లేచింది. మచ్చ పడలేదు గాని, ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. అప్పటినుంచి సెగ చూపిన ఏ వస్తువునూ పసిబిడ్డ ఒంటికి తగలనివ్వను. అరచేతులు రుద్దుకుంటే వచ్చే వేడి చాలు.

మన పద్ధతులన్నీ చెడ్డవని ఎవరూ అనవద్దు. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని గోరువెచ్చని నీళ్ళతో వీపు నిమురుతూ స్నానం చేయిస్తుంటే ఎంత గాలి పోతుందో చేసినవాళ్ళకు తెలుసు. పొద్దున చేయించే స్నానాన్ని సాయంత్రం అయిదున్నరకు మార్చి చూడండి, ఏడుపు వేళకు ముందే ఒళ్ళు సడలుతుంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, ఆ పొగ చిన్ని ఊపిరితిత్తులకు పడదు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, మిరపకాయలు మండించేది మాత్రం వాకిట్లో, బిడ్డకు దూరంగా. బొడ్డు చుట్టూ ఇంగువ తడిపి రాయడం మా ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. బొడ్డు పూర్తిగా ఎండని బిడ్డకు అది తగిలితే పుండవుతుంది, ఘాటుకు చర్మం కందుతుంది. నేను దాన్నీ మానేశాను.

మీ అమ్మగారికి ఒక పని అప్పగించండి. ఏడుపు మొదలవగానే పాపను ఆమె ముంజేతి మీద బోర్లా వేసుకోవాలి, తల మోచేతి మడతలో పక్కకు తిరిగి ఉండాలి, అరచెయ్యి తొడల మధ్యనుంచి పట్టు దొరికేలా ఉండాలి, రెండో చెయ్యి వీపు మీద ఉండాలి. కొమ్మ మీద పిల్లి కాళ్ళు వేలాడేసి పడుకున్నట్టు పాప వాలుతుంది, కడుపు మీద ముంజేతి ఒత్తిడి మెత్తగా పడుతుంది. అలా ఎత్తుకుని పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ, వచ్చిన జోలపాట ఏదో సన్నగా పాడుతూ ఉంటే చాలు. మా రెండో మనవరాలు ఇంకెవరి చేతుల్లోనూ ఊరుకునేది కాదు, నా ముంజేతి మీద మాత్రం పది నిమిషాల్లో సద్దుమణిగేది. చీర ఉయ్యాలలో వేసి ఊపితే ఊరుకుంటుందని రాత్రంతా అందులో వదలకండి. చీర వంపుకు గడ్డం గుండెకు ఆనుకుని ఊపిరి ఆడదు. నిద్ర పట్టగానే గట్టి పరుపు మీదికి మార్చాలి.

పథ్యం మాట కూడా చెప్పాలి. పప్పు తింటే మీ పేగుల్లో గాలి పుట్టవచ్చు గాని, ఆ గాలి రక్తంలోంచి పాలలోకి వెళ్ళదు. పప్పు, కూరగాయలు, పెరుగు లేని వెల్లుల్లి కారం అన్నంతో పాలిచ్చే తల్లికి బలం ఎక్కడినుంచి వస్తుంది? మా కోడలికి నేను మూడు వారాలు ఇలాగే కడుపు మాడ్చానని ఇప్పటికీ బాధపడుతుంటాను. కందిపప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ తినండి.

సమాధానం: విశ్రాంత నర్సు, శ్రీకాకుళం

అమ్మమ్మగారు చెప్పిన పథ్యం మాటకు ఒక్క చేర్పు. చాలా కొద్దిమంది పిల్లలకు తల్లి తాగిన ఆవుపాలు, గేదెపాలలోని మాంసకృత్తులు పడవు. వాళ్ళకు విరేచనంలో జిగురు, రక్తపు చారలు, ఒంటి మీద ఎర్రని పొక్కులు, బరువు పెరగకపోవడం లాంటివి కూడా కనిపిస్తాయి. అవి ఉంటే వైద్యుల సలహాతో రెండు మూడు వారాలు పాలు, పెరుగు మాని చూస్తారు. అవేవీ లేనప్పుడు తల్లి ఏదీ మానాల్సిన పని లేదు.

సమాధానం: చంటివాడి నాన్న, డల్లాస్

మా బాబుకు ఇప్పుడు అయిదు నెలలు. మేము ఇక్కడ ఇద్దరమే ఉండి పెంచాము, రెండు వైపుల అమ్మలూ ఫోనులోనే తోడున్నారు. మూడో వారంలో మొదలైన ఏడుపు ఆరో వారానికి తారస్థాయికి చేరింది, మూడో నెల దాటాక ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. ఇది మా ఒక్కరి అనుభవం కాదని మా పిల్లల వైద్యురాలు చెప్పారు. రోజుకు మూడు గంటలకు పైగా, వారానికి మూడు రోజులకు పైగా, మూడు వారాలకు పైగా ఏడ్చే ఆరోగ్యవంతమైన బిడ్డను గుర్తించడానికి వెసెల్ అనే వైద్యుడు 1954లోనే ఒక కొలత పెట్టాడట. ఆమె చెప్పినదాంట్లో నా కళ్ళు తెరిపించిన మాట ఇంకొకటి ఉంది. చాలామంది పిల్లలు గాలి ఉండి ఏడవరు, ఏడ్చి ఏడ్చి గాలి మింగుతారు. గాలి వదలగానే ఊరుకోవడం చూసి మనం గాలినే కారణమనుకుంటాం. ఆ మాట విన్నాక మేము కడుపు చుట్టూ తిరగడం తగ్గించి, సాయంత్రం వేళ దీపాలు తగ్గించడం, చుట్టాల వీడియో కాల్స్ ఆపడం, చొక్కా విప్పి బాబును నా గుండెకు ఆనించి పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టాం. గదిలో ఫ్యాను హోరు కూడా వాడికి సాయపడింది.

మా ఆవిడ పాలు చాలక మేము పోతపాలు కలపాల్సి వచ్చింది, ఆ అవస్థలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పాలపొడిని సీసాలో గిలక్కొట్టి వెంటనే పట్టేవాణ్ణి, నురుగంతా గాలే కదా. కలిపాక నురుగు అణిగేదాకా ఆగడం, గిలక్కొట్టడానికి బదులు సీసాను గుండ్రంగా తిప్పి కలపడం, బాబును కొంచెం నిటారుగా కూర్చోబెట్టుకుని సీసాను దాదాపు అడ్డంగా, పీక మాత్రం పాలతో నిండి ఉండేలా పట్టుకోవడం, నాలుగు గుటకలకు ఒకసారి సీసా దించి ఊపిరి తీసుకోనివ్వడం, ఇవి చేశాక మార్పు స్పష్టంగా కనిపించింది. పీక రంధ్రం పెద్దదైనా, మరీ చిన్నదైనా గాలి కడుపులోకి పోతుంది.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి తల్లిదండ్రుల గురించి. ఒక రాత్రి రెండు గంటలకు, నాలుగు గంటలుగా ఆగని ఆ ఏడుపు నడుమ, బాబును పట్టుకున్న నా చేతులు బిగుసుకోవడం నాకే తెలిసింది. వాణ్ణి ఉయ్యాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు చేరవేసి, వరండాలో అయిదు నిమిషాలు నిలబడి చల్లగాలి పీల్చుకుని తిరిగి వెళ్ళాను. అది బిడ్డను వదిలేయడం కాదు. విసుగులో ఒక్కసారి గట్టిగా కుదిపినా పసిబిడ్డ మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణం పోవచ్చు. కాబట్టి చెల్లెమ్మా, మీకు ఊపిరాడనట్టు అనిపించినప్పుడు పాపను అమ్మగారి చేతికి ఇచ్చి గది దాటండి. ఏడుపు లేని వేళల్లో కూడా మనసు కుంగి, నిద్ర పట్టక, పాప మీద ప్రేమ కలగడం లేదనిపిస్తే, దాచుకోకుండా ప్రసూతి వైద్యులకు చెప్పండి. భారతదేశంలో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీవారు బెంగళూరులో ఉన్నా, రాత్రి పదింటికి ఫోనులో మీతో మాట్లాడుతూ ఉండమని చెప్పండి. దూరంగా ఉన్న తండ్రికి కూడా ఆ ఏడుపు వినిపించాలి.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం: తణుకు ఆడపడుచు

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఆరు రోజులయ్యాక ఏం జరిగిందో చెబుదామని ఆగాను. మర్నాడే ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను, అక్కడి నర్సు నా పక్కన కూర్చుని మూడుసార్లు పట్టించి చూపించారు. నేను పాప మీదికి వంగిపోతున్నాననీ, చనుమొన మాత్రమే అందిస్తున్నాననీ అప్పుడే తెలిసింది. రెండో రోజుకు టక్కు టక్కు చప్పుడు ఆగిపోయింది. వెనక్కు వాలి పట్టినప్పటినుంచి పొలమారడం కూడా బాగా తగ్గింది. సాయంత్రం ఏడుపు పూర్తిగా పోలేదు, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటోంది, కాని మునుపటిలా మెలికలు తిరగడం లేదు.

ఖమ్మం అమ్మమ్మగారి మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. తమలపాకు సంగతి దగ్గర కాసేపు మాట్లాడకుండా ఉండిపోయింది. ఆ సాయంత్రం తనే ముంజేతి మీద వేసుకుని పెరట్లో జామచెట్టు దాకా, మళ్ళీ నూతి గట్టు దాకా తిరిగింది. ఇప్పుడు ఏడుపు మొదలైతే నాకంటే ముందు అమ్మ చెయ్యి చాపుతోంది. గ్రైప్ వాటర్ సీసా, వసకొమ్ము రెండూ అలమరలోనే ఉన్నాయి. నిన్న నాకు ముద్దపప్పు పెట్టింది.

ఒక సందేహం మిగిలింది. పాప రెండు రోజులుగా విరేచనం చేయలేదు, చేసే ముందు పది నిమిషాలు ముఖం ఎర్రబడేలా ముక్కుతూ ఏడుస్తుంది. తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టమని పక్కింటి పెద్దావిడ సలహా ఇచ్చారు. పెట్టవచ్చా?

సమాధానం: విశ్రాంత నర్సు, శ్రీకాకుళం

పెట్టవద్దమ్మా, ఆకు కాడ గాని, సబ్బు ముక్క గాని ఏదీ పెట్టవద్దు. లోపలి పొర చిట్లుతుంది, పైగా ఏదో ఒకటి పెడితేనే విరేచనం చేసే అలవాటు పడుతుంది. ముక్కడానికి కడుపు బిగించాలి, అదే సమయంలో మలద్వారం దగ్గరి కండరాలను వదులు చేయాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం పసిబిడ్డకు ఇంకా చేతకాదు, నేర్చుకుంటున్నంత కాలం అలా ఎర్రబడి ఏడుస్తుంది. చివరకు వచ్చేది మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. ఆ సమయంలో మోకాళ్ళు కడుపు వైపు మడిచి పట్టుకుంటే కొంత సాయంగా ఉంటుంది. నెల దాటుతున్న కొద్దీ తల్లిపాలు తాగే పిల్లలు రెండు మూడు రోజులకు ఒకసారి చేయడం సాధారణమే. ఇంకా నెలబిడ్డే కాబట్టి గుడ్డలు తడపడం తగ్గలేదని, పాలు తాగడం మందగించలేదని, కడుపు మెత్తగానే ఉందని రోజూ చూసుకోండి. పుట్టిన మొదటి రెండు రోజుల్లోనే నల్లని విరేచనం అయిందో లేదో గుర్తు చేసుకోండి. అది ఆలస్యమై ఉంటే మాత్రం పిల్లల వైద్యులకు తప్పక చెప్పాలి. గింజల్లా, ఉండలుగా గట్టిగా వచ్చినా, రక్తం కనిపించినా చూపించండి.

42వ రోజున ఆశా కార్యకర్త మళ్ళీ వస్తారు, బరువు తూయించండి. ఆ రోజుల్లోనే ఆరు వారాల టీకాలు కూడా ఉంటాయి. ఏడుపు సహజంగా ఎక్కువగా ఉండే వయసు కూడా అదే కావడంతో, టీకా వేసిన సాయంత్రం పాప మరింత చిరాకుగా ఉండవచ్చు, తొడ కాస్త వాచవచ్చు, ఒళ్ళు వెచ్చబడవచ్చు. పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో టీకా వేసేవారినే పాప బరువు చెప్పి అడిగి, కాగితం మీద రాయించుకుని రండి.